రెండోసారి వెళ్లే దారి

నేలను కొలిచే విద్యను జీవితాంతం బోధించిన ఆచార్యుని పేరున ఏర్పాటైన ఉపన్యాసం ఇది. అందుకే భూమిని దాటి వెళ్లినా ఆయన విద్యను దాటని విషయాన్ని ఎంచుకున్నాను. చంద్రుడి మీద, అంగారకుడి మీద, ఒక తోకచుక్క మీద ఫలానా చోటు అని చెప్పడానికి చిరునామా ఎలా ఏర్పడుతుంది? అది లేకపోతే ఏమవుతుంది? అంతరిక్ష యాత్ర అనగానే రాకెట్టు గురించి మాట్లాడుకుంటాం, దిగిన క్షణాన్ని తలుచుకుంటాం. దిగింది సరిగ్గా ఎక్కడ అన్న ప్రశ్నకు పత్రికల్లో ఒక్క వాక్యం దక్కితే అదే ఎక్కువ. అన్వేషణలోని అసలు కష్టం, అసలు ఫలితం రెండూ ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాయని నా వాదం. ఒక చోటుకు రెండోసారి వెళ్లగలిగినప్పుడే ఆ చోటు మనకు తెలిసినట్టు. మొదటి రాక సాహసంతోనూ కొంత అదృష్టంతోనూ జరిగిపోవచ్చు. రెండో రాకకు పటం కావాలి, ఆ పటానికి అందరూ ఒప్పుకున్న సున్నా కావాలి, ఆ అంకెలు ఎవరు అడిగినా దొరకాలి.

1969 జులైలో చంద్రుడి మీద ఇద్దరు మనుషులు నడవడాన్ని కోట్లమంది టీవీల్లో చూశారు. ఆ ఇద్దరూ సరిగ్గా ఎక్కడున్నారో మాత్రం ఆ గంటల్లో ఎవరూ చెప్పలేకపోయారు. పైన కక్ష్యలో ఒంటరిగా తిరుగుతున్న మైకేల్ కాలిన్స్ సెక్‌స్టెంట్ అద్దంలోంచి కిందికి చూస్తూ చుట్టుచుట్టుకూ వెతికాడు. హ్యూస్టన్ నుంచి ఒక్కోసారి ఒక్కో అంకె వచ్చేది, ఆ అంకె చెప్పిన చోట వాళ్ల ల్యాండరు ఈగిల్ ఉండేది కాదు. చివరిదాకా ఆయనకు అది కనిపించలేదు. అనుకున్న చోటు దాటి 6 కిలోమీటర్లకు పైగా ముందుకు దిగారని తర్వాత తేలింది. రెండు నౌకలూ విడిపోయేటప్పుడు మధ్య సొరంగంలో మిగిలిపోయిన కాస్త గాలి ఈగిల్‌ను కొద్దిగా తోసింది. చంద్రుడి చీకటి మైదానాల అడుగున బరువు ఎక్కువగా పేరుకున్న చోట్లు కక్ష్యను అటూ ఇటూ లాగుతాయి, ఆ సంగతి పాల్ ముల్లర్, విలియం షోగ్రెన్ అంతకు ముందు ఏడాదే కనిపెట్టారు గానీ లెక్కలోకి పూర్తిగా రాలేదు. చివర్లో ఆర్మ్‌స్ట్రాంగ్ బండరాళ్లతో నిండిన బిలాన్ని తప్పించుకుని ముందుకు నడిపాడు. ఇందులో ఎవరి అసమర్థతా లేదు. నేల తెలియకుండానే నేల మీద దిగారంతే.

నాలుగు నెలల తర్వాత, నవంబరు 19న, అపోలో 12 దిగిన తీరు చూడండి. 1967లో దిగి మూగబోయిన సర్వేయర్ 3 అనే యంత్రానికి 200 మీటర్ల లోపున వచ్చి దిగింది. అంతకు ముందు ఆ యంత్రం ఎక్కడుందో పట్టుకోవలసి వచ్చింది. యూయెన్ విటేకర్ అనే చంద్ర పటకారుడు సర్వేయర్ పంపిన ఫోటోల్లో చుట్టూ కనిపించే రాళ్లనూ గుంటలనూ తీసుకుని, లూనార్ ఆర్బిటర్ పైనుంచి తీసిన ఫోటోల్లో అదే అమరిక కోసం వెతికాడు. నేల మీద నిలబడి చూసిన దృశ్యాన్ని ఆకాశం నుంచి చూసిన దృశ్యంతో పోల్చి ఒక చిన్న బిలంలో దాని చోటు గుర్తించాడు. దిగేటప్పుడు భూమి మీది డాప్లర్ కొలతలతో దారి తప్పును లెక్కగట్టి, ల్యాండరు కంప్యూటరుకు ఒకే ఒక దిద్దుబాటు అంకెగా అందించారు. వ్యోమగాములు కాన్రాడ్, బీన్ నడుచుకుంటూ వెళ్లి ఆ పాత యంత్రం కెమెరాను కోసి భూమికి తెచ్చారు. చంద్రుడి మీద రెండున్నరేళ్లు ఎండకూ చలికీ ఉన్న లోహం, గాజు ఏమవుతాయో మనకు తెలిసింది ఆ చిరునామా దొరికినందువల్లే. అపోలో కథలో మొదటి అడుగుకు దక్కిన గౌరవంలో సగమైనా ఈ వెతుకులాటకు దక్కలేదు. దక్కాలని నా అభిప్రాయం.

పటం ఉంటే చాలా అంటే చాలదు. 1971 ఫిబ్రవరిలో అపోలో 14 వ్యోమగాములు షెపర్డ్, మిచెల్ కోన్ అనే బిలం అంచు చూడాలని బయల్దేరారు. చేతిలో పటం ఉంది, వెంట పరికరాలు పెట్టుకున్న రెండు చక్రాల తోపుడు బండి ఉంది. ఎక్కేకొద్దీ ఒక గట్టు, దాని వెనుక మరో గట్టు. గాలి లేదు కాబట్టి దూరపు కొండ మసకబారదు. చెట్టో ఇల్లో లేదు కాబట్టి ఏది పెద్దదో ఏది చిన్నదో కంటికి తెలియదు. ఇదే అంచు అనుకుని ఎక్కితే అది ఇంకో మిట్ట. పటంలో తామెక్కడున్నారో వాళ్లిద్దరికీ తేలలేదు. గుండె వేగం పెరిగింది, సమయం అయిపోయింది, వెనక్కి తిరిగారు. దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత లూనార్ రికానసెన్స్ ఆర్బిటర్ తీసిన ఫోటోల్లో వాళ్ల అడుగుల జాడ కనిపించింది. అంచుకు 30 మీటర్ల దూరంలో ఆగిపోయారు. ఈ ఘటనను వైఫల్యంగా చెప్పుకుంటారు, నాకు అలా అనిపించదు. పటానికీ మనిషికీ మధ్య ఉండవలసిన కొలత ఏదో అది స్పష్టంగా చూపించింది. తర్వాత వచ్చిన అపోలో 15 బండిలో ఆ కొలత అమర్చారు. దిక్కు చెప్పే గైరో, చక్రాలు తిరిగిన లెక్క, సూర్యుడి నీడతో దిక్కు సరిచూసుకునే చిన్న పరికరం. ల్యాండరు ఏ దిక్కున ఎంత దూరంలో ఉందో డాష్‌బోర్డు మీద ఎప్పుడూ కనిపించేది. బండి చెడిపోతే ఊపిరి ఆడే గాలి అయ్యేలోగా నడిచి తిరిగి రాగలిగినంత దూరమే వెళ్లాలన్నది నియమం. ఆ నియమంలోనే అపోలో 17 మనుషులు ల్యాండరుకు 7 కిలోమీటర్లకు పైగా దూరం వెళ్లి వచ్చారు. ప్రాణం ఆ అంకె మీద ఆధారపడి ఉంది.

ఇప్పుడు సున్నా సంగతి. మన ఊళ్లలో చిరునామా అంటే రామాలయం ఎదురు సందు, వేపచెట్టు పక్క ఇల్లు. కొండగుర్తు కదలనంత కాలం ఆ చిరునామా నడుస్తుంది. గ్రహాల మీద రేఖాంశాలు కూడా కొండగుర్తులతోనే మొదలయ్యాయి. బీర్, మేడ్లర్ అనే ఇద్దరు జర్మన్ ఖగోళ పరిశీలకులు 1830ల మొదట్లో అంగారకుడి మీద కనిపించే ఒక చిన్న నల్లమచ్చను మొదలుగా తీసుకుని కొలిచారు. 1877లో స్కియాపరెల్లి తన పటానికి అదే సున్నాను ఉంచాడు. మారినర్ 9 నౌక దగ్గర నుంచి ఫోటోలు పంపాక మచ్చ మరీ వెడల్పయిపోయింది. అందుకని మెర్టన్ డేవిస్ అదే ప్రాంతంలో అర కిలోమీటరు వెడల్పున్న ఒక చిన్న గుంటను ఎంచాడు. దానికి ఎయిరీ-0 అని పేరు. గ్రీనిచ్ రేఖను నిలబెట్టిన టెలిస్కోపును కట్టించిన జార్జ్ ఎయిరీ పేరది. కొలతలు మీటర్లకు దిగేసరికి అర కిలోమీటరు గుంట కూడా వెడల్పే అయింది. అందుకే ఇప్పుడు 1976లో దిగిన వైకింగ్ 1 ల్యాండరు పశ్చిమ రేఖాంశం 47.95137 డిగ్రీలని ముందే నిర్ణయించి, ఆ సంఖ్య నుంచి సున్నాను తిరిగి రాబట్టుకుంటున్నారు. సున్నా ఎయిరీ-0 మధ్యలోనే ఉంటుంది, దాన్ని పట్టుకుని నిలిపేది మాత్రం మనిషి పంపిన యంత్రం. బుధుడి విషయం మరీ చిత్రం. 1974లో మారినర్ 10 వెళ్లేసరికి సున్నా రేఖ ఉండవలసిన వైపు చీకట్లో ఉంది. కనిపించే వైపున హున్ కాల్ అనే చిన్న బిలాన్ని తీసుకుని, ఇది 20 డిగ్రీల పశ్చిమం, దీన్నిబట్టి సున్నాను లెక్కగట్టుకోండి అన్నారు.

ఎత్తులకూ అదే ఇబ్బంది. అంగారకుడి మీద సముద్రం లేదు, సముద్రమట్టం లేదు. మొదట్లో గాలి ఒత్తిడి సుమారు 6.1 మిల్లీబార్లు ఉండే మట్టాన్ని సున్నా ఎత్తుగా తీసుకున్నారు. నీరు మంచుగా, ద్రవంగా, ఆవిరిగా మూడు స్థితుల్లో ఒకేసారి ఉండగల ఒత్తిడి అది. కాలాన్నిబట్టి గాలి మారుతుంది కాబట్టి ఆ సున్నా నిలవలేదు. మార్స్ గ్లోబల్ సర్వేయర్ లేజరు కొలతలు వచ్చాక గురుత్వ పొటెన్షియల్ సమానంగా ఉండే ఊహా తలానికి మారారు. పైగా అంగారకుడికి రెండు రకాల అక్షాంశాలు ప్రచారంలో ఉన్నాయి. ఒకటి గ్రహకేంద్రం నుంచి కోణాన్ని కొలుస్తుంది, రెండోది నేలకు నిటారుగా నిలిపిన గీత నుంచి కొలుస్తుంది. గ్రహం ధ్రువాల దగ్గర కాస్త అణిగి ఉంటుంది కాబట్టి మధ్య అక్షాంశాల్లో ఈ రెంటికీ తేడా దాదాపు 20 కిలోమీటర్లు. రేఖాంశం కూడా ఒక పద్ధతిలో తూర్పుకు, మరో పద్ధతిలో పడమరకు పెరుగుతుంది. అంకె రాసి పద్ధతి రాయకపోతే అది చిరునామాయే కాదు. వెస్టా అనే చిన్న గ్రహం దగ్గరికి డాన్ నౌక వెళ్లినప్పుడు యాత్ర బృందం ఒక రేఖాంశ పద్ధతిని వాడింది, అంతర్జాతీయ ఖగోళ సంఘం మరో పద్ధతి పెట్టింది. ఒకే బిలానికి రెండు అంకెలతో వ్యాసాలు అచ్చయ్యాయి. 67పి తోకచుక్కది బాతు ఆకారం. దాని కేంద్రం నుంచి గీసిన ఒకే గీత మెడ దగ్గర నేలను ఒకటి కంటే ఎక్కువసార్లు తాకుతుంది, అంటే ఒకే అక్షాంశ రేఖాంశాలకు రెండు మూడు చోట్లు. అక్కడ 2014 నవంబరు 12న దిగి ఎగిరిపడిన ఫిలే ల్యాండరు 2016 సెప్టెంబరు దాకా దొరకలేదు. దాని కొలతలు వేటికి సంబంధించినవో, అది ఎలాంటి సందులో ఇరుక్కుందో తెలియాలంటే ముందు దాని చోటు తెలియవలసి వచ్చింది. ఈ ఉదాహరణలన్నీ ఒకటే చెబుతున్నాయి. గ్రహం తనంతట తాను చిరునామా ఇవ్వదు. మనం ఒప్పందంగా ఏర్పరచుకుంటాం, కొలత మెరుగైనప్పుడల్లా అందరికీ చెప్పి దిద్దుకుంటాం.

దారి గురించి కూడా కాస్త చెప్పాలి. చోటు తెలిసినంత మాత్రాన అక్కడికి పోగలమని లేదు. అంగారకుడి మీద స్పిరిట్ రోవరు 2009లో గట్టిగా కనిపించే పైపొర విరిగి కింది మెత్తటి ఇసుకలో కూరుకుపోయింది, మళ్లీ బయటపడలేదు. అక్కడే తిరిగే క్యూరియాసిటీ రోవరు చక్రాల అల్యూమినియం రేకు మందం ముప్పావు మిల్లీమీటరు. నేలలో గట్టిగా పాతుకుపోయిన మొనదేలిన రాళ్లు 2013లో దానికి చిల్లులు పెట్టాయి. అప్పుడు నడిపేవాళ్లు దగ్గరిదారి వదిలి, డింగో గ్యాప్ అనే చోట మీటరు ఎత్తు ఇసుకతిన్నె దాటించి, రాళ్లు తక్కువగా ఉన్న లోయల వెంట తీసుకువెళ్లారు. చంద్రుడి మీద మన చంద్రయాన్-3 రోవరు ప్రజ్ఞాన్‌కు 2023 ఆగస్టు 27న మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల గుంట ఎదురైంది. వచ్చిన జాడ మీదుగానే వెనక్కి తిప్పి వేరే దారి పట్టించారు. ఒక రోవరు నడిచిన జాడ తర్వాత వచ్చేవాళ్లకు మొదటి రోడ్డు మ్యాపు. ఎక్కడ చక్రం జారింది, ఎక్కడ దిగబడింది అన్నవి ఫోటోల కంటే విలువైన సమాచారమని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే నేల గట్టిదనం పైనుంచి తీసిన ఫోటోలో పడదు.

నా వాదానికి కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి. ఇప్పటి యంత్రాలకు కళ్లు ఉన్నాయి, దిగేటప్పుడు కెమెరాతో చూసి చోటు ఎంచుకుంటాయి, ఇక ఈ అంకెల పట్టుదల ఎందుకని ఇంజనీర్లలోనే కొందరు అడుగుతారు. పర్సెవరెన్స్ 2021లో అంగారకుడి మీద అలాగే దిగింది నిజమే. జపాన్ వారి స్లిమ్ 2024 జనవరిలో చంద్రుడి మీద లక్ష్యానికి 100 మీటర్ల లోపున దిగింది. అయితే ఆ కెమెరాలు చూసినదాన్ని దేనితో పోల్చాయి? ముందే తయారు చేసి కంప్యూటరులో పెట్టిన పటంతో. కన్ను పటానికి బదులు రాలేదు, పటం చదవడం నేర్చుకుంది. పటం లేకుండా కన్ను ఒక్కటే నడిపితే ఏమవుతుందో అంగారకుడి మీది ఇంజెన్యుటీ హెలికాప్టరు చూపించింది. నేల మీది గుర్తులను వరసగా చూసుకుంటూ తన వేగాన్ని అంచనా కట్టుకునేది అది. 72వ ఎగురుడులో, 2024 జనవరి 18న, గుర్తులేవీ లేని ఇసుక అలల మీదికి వచ్చింది. పట్టుకోవడానికి కన్నుకు ఏమీ దొరకలేదు. వేగం అంచనా తప్పి గట్టిగా దిగింది, రెక్కలు విరిగాయి. చంద్రయాన్-3 కూడా చంద్రయాన్-2 ఆర్బిటర్ కెమెరా పావు మీటరు వివరంతో తీసిన ఫోటోల సాయంతోనే తన దిగే చోటును ఎంచుకుంది. 2019లో చంద్రయాన్-2 దిగవలసిన ప్రాంతం 500 మీటర్ల చదరం, 2023లో చంద్రయాన్-3ది సుమారు 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు. అంత విశాలమైన చోట ఎక్కడ దిగినా ప్రమాదం లేదని ధైర్యంగా చెప్పగలిగారంటే అంతమేరా నేల ముందే చదివి ఉండడం వల్లే.

రెండో అభ్యంతరం బరువైనది, దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. పటం గీసినవాడే యజమాని అవుతాడన్న భయం మనకు చరిత్ర నేర్పింది. సర్వేయరు లాంబ్టన్ 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధార రేఖ కొలిచి, తెలుగు జిల్లాల మీదుగా నిజాం రాజ్యంలోకి త్రిభుజాలు గీసుకుంటూ వెళ్లింది ఈస్టిండియా కంపెనీ పాలన కోసమే. పన్నులకూ సైన్యాలకూ ఆ కొలతలు పనికొచ్చాయి. చంద్రుడి మీద కూడా నీటిమంచు ఉన్న ధ్రువ ప్రాంతాలకు గళ్లు గీయడం, చుట్టూ భద్రతా వలయాలు ప్రకటించుకోవడం పాత కథకు కొత్త రూపం కాదా? కావచ్చు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం రెండో అధికరణం ఏ దేశమూ చంద్రుడిని సొంతం చేసుకోరాదంటుంది. కానీ కాగితం మీది నిషేధం తనంతట తాను అమలు కాదు. ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎంతమేర ఆపుకున్నారో మూడోవాడు స్వతంత్రంగా కొలిచి చెప్పగలగాలి. లాంబ్టన్ కొలతల్లో అన్యాయం త్రిభుజాల్లో లేదు, ఆ పటాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నదాంట్లో ఉంది. 2019లో మన చంద్రయాన్-2 ల్యాండరు విక్రమ్ పడిపోయిన చోటును నాసా ఫోటోలు అందరికీ తెరిచి ఉంచడం వల్ల చెన్నై ఇంజనీరు షణ్ముగ సుబ్రమణియన్ తన కంప్యూటరు ముందు కూర్చుని కనిపెట్టగలిగారు. పటం బహిరంగంగా ఉంటే ఏ ప్రభుత్వానికీ చెందని మనిషికి కూడా ఎంత శక్తి వస్తుందో ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు. కాబట్టి ఆక్రమణ భయం చిరునామాలు వద్దనడానికి కారణం కాదు. అవి ఉమ్మడిగా, బహిరంగంగా ఉండాలనడానికి కారణం.

ఇక్కడి పల్లెలో అంబులెన్స్ డ్రైవరు దారి తెలియక నాలుగుసార్లు ఫోన్ చేస్తుంటే చంద్రుడికి చిరునామాలా అని అడిగేవారికీ జవాబు చెప్పాలి. ప్రశ్న న్యాయమైనదే. అయితే ఈ రెండు పనులూ చేసేది ఒకే రకం చేతులు. తపాలా శాఖ 2025లో విడుదల చేసిన డిజిపిన్ దేశమంతటినీ సుమారు నాలుగు మీటర్ల గళ్లుగా విడదీసి ఒక్కో గడికి పది అక్షరాల సంకేతం ఇస్తుంది. దాన్ని రూపొందించడంలో ఐఐటీ హైదరాబాద్, అదే నగరంలోని ఇస్రో దూరసంవేదన కేంద్రం పాలుపంచుకున్నాయి. ఉపగ్రహ చిత్రాన్ని నేలకు సరిగ్గా అతికించే విద్య రెండు చోట్లా ఒకటే. ఒకదాన్ని ఆపితే రెండోది బాగుపడుతుందన్న లెక్క ఇక్కడ కుదరదు.

చివరగా ఇప్పుడు జరుగుతున్న పని. సోవియట్ బండి లునోఖోద్ 1 మీద లేజరు వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపే గాజు పరావర్తకం ఉంది. 1971లో బండి ఆగిపోయాక దాని చోటు సరిగ్గా తెలియక దాదాపు నలభై ఏళ్లు ఎవరికీ దొరకలేదు. 2010లో లూనార్ రికానసెన్స్ ఆర్బిటర్ ఫోటోల్లో బండి కనిపించింది. ఏప్రిల్‌లో న్యూ మెక్సికో నుంచి లేజరు గురిపెడితే ఊహించినదానికంటే ఎక్కువ వెలుగు తిరిగి వచ్చింది. అన్నాళ్లూ వెతికిన చోటు బండికి మైళ్ల దూరంలో ఉందని తేలింది. పరికరం చెడలేదు, చిరునామా పోయింది. చంద్రయాన్-3 ల్యాండరు విక్రమ్ మీద అలాంటిదే చిన్నది నాసా అమర్చింది. అయిదు సెంటీమీటర్ల వెడల్పు అల్యూమినియం గిన్నెలో ఎనిమిది క్వార్ట్జ్ పట్టకాలు, కరెంటు అక్కర్లేదు, బరువు 20 గ్రాములు. విక్రమ్ నిద్రపోయి మూడు నెలలైన తర్వాత, 2023 డిసెంబరు 12న, అదే ఆర్బిటర్ 100 కిలోమీటర్ల నుంచి లేజరు వేస్తే ఆ గాజు బదులిచ్చింది. చంద్రుడి దక్షిణాన మనకు సొంత సర్వే రాయి ఉన్నట్టే. అంతర్జాతీయ ఖగోళ సంఘం 2024 మార్చిలో ఆ చోటుకు శివశక్తి పేరును ఆమోదించింది. పేరు సంతోషమే గానీ, రాబోయే నౌకలకు ఉపయోగపడేది ఆ గాజు. ఇక గడియారాల సమస్య ఉంది. గురుత్వం తక్కువ కాబట్టి చంద్రుడి మీది గడియారం రోజుకు సుమారు 56 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. వెలుగు అంతలో దాదాపు 17 కిలోమీటర్లు పోతుంది. జీపీఎస్ లాంటి పద్ధతి అక్కడ పనిచేయాలంటే ముందు చంద్రుడికి ఉమ్మడి కాలం కావాలి. 2024 ఆగస్టులో ఖగోళ సంఘం ఆ దిశగా తీర్మానాలు చేసింది. 2025 మార్చిలో బ్లూ గోస్ట్ ల్యాండరు మీది పరికరం చంద్రుడి నేల మీద జీపీఎస్, గెలీలియో సంకేతాలను అందుకుంది. పునాదులు పడుతున్నాయి, గోడలు ఇంకా లేవలేదు.

చంద్రయాన్-4 మట్టి తేవడానికి వెళ్లబోతున్నది, జపాన్‌తో కలిసి చేపట్టిన చంద్రయాన్-5 దక్షిణ ధ్రువానికి వెళ్లబోతున్నది. తెచ్చిన పిడికెడు మట్టి ఏ బిలం అంచు నుంచి, ఏ వాలు నుంచి తీశారో మీటరు తేడాతో చెప్పగలిగితేనే దాని వయసు ఆ నేల చరిత్రకు ఆధారమవుతుంది. అందుకే ఈ వేదిక నుంచి ఇస్రోను మూడు కోరుతున్నాను. దిగే ప్రతి యంత్రం మీదా ఆ 20 గ్రాముల గాజుకు చోటివ్వాలి. దిగిన చోటి అక్షాంశ రేఖాంశాలను ఏ పద్ధతిలో కొలిచారో, ఎంత తేడా ఉండవచ్చో చెబుతూ అందరికీ విడుదల చేయాలి. రోవరు నడిచిన జాడను, చక్రం ఎక్కడ జారిందో సహా, ప్రతి అడుగూ ప్రచురించాలి.